నిలబెట్టిన ఆల్ఫా రోమియో 1750 జీటీ వెలోచేని నడిపించే పని: ప్రాజెక్టు డైరీ

అక్టోబరు

మిలాన్‌కు ఉత్తరాన ఉన్న ఒక ప్రైవేటు సేకరణలో కార్ల బాగోగులు చూడటం నా ఉద్యోగం. ఆ షెడ్డులో గోడవారగా చాలా ఏళ్ళుగా కదలకుండా ఉన్న ముదురు ఆకుపచ్చ ఆల్ఫా రోమియో 1750 జీటీ వెలోచేని వసంతం నాటికి సొంత ఇంజిన్‌తో గేటు దాటించాలని యజమాని చెప్పారు. దాంతోపాటు ఒంటికి కొత్త రంగు వేయించాలనీ, ఇంజిన్ మొత్తం విప్పి కొత్త పిస్టన్లు వేయాలనీ ఆయన అన్నారు. మొదటి కోరికతో నాకు పేచీ లేదు. మిగిలిన రెండింటి మీద మాత్రం, కారును పూర్తిగా చూసి కొలతలు తీసుకునేదాకా ఏ మాటా ఇవ్వలేనని చెప్పాను.

ఈ కారు నేపథ్యం తెలియనివారి కోసం కొంత చెప్పాలి. ఆల్ఫా రోమియో సంస్థ మిలాన్ నగరంలోని పోర్టెల్లో కర్మాగారం ఇరుకైపోవడంతో ఊరి బయట అరేజేలో కొత్త కర్మాగారం కట్టింది. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో జూలియా స్ప్రింట్ జీటీ అనే రెండు తలుపుల కారును బయటపెట్టింది. కార్ల ఒంటిని రూపొందించే బెర్తోనే సంస్థలో పనిచేస్తున్న జోర్జెత్తో జుజారో ఇంకా పాతికేళ్ళు నిండకముందే దాని ఆకృతిని గీశాడు. మొదటి కార్లలో బానెట్ ముందు అంచు ముక్కు కంటే కాస్త ఎత్తుగా, ఒక మెట్టులాగా కనిపించేది. 1968లో వచ్చిన 1750లో ఆ మెట్టును తీసేసి నాలుగు హెడ్‌లైట్లు పెట్టారు. ఇంజిన్ సామర్థ్యం నిజానికి 1779 సీసీ. అయినా 1929, 1930 సంవత్సరాల్లో మిల్లే మిల్యా అనే ఇటలీ కార్ల పందెం గెలిచిన ఆల్ఫా పాత కారు 6సీ 1750ని జ్ఞాపకం చేసుకునేలా కారుకు 1750 అని పేరు పెట్టారు. సుమారు 120 హార్స్‌పవర్, వెయ్యి కిలోలకు కాస్త పైబడిన బరువు, ఐదు గేర్లు, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు, గంటకు 190 కిలోమీటర్ల వేగం. ఆ రోజుల్లో మధ్యతరగతి ఇంజనీరు అప్పుచేసి కొనుక్కోగల స్పోర్ట్స్ కారుకు ఇవి చిన్న అంకెలు కావు.

ముందుగా బానెట్ ఎత్తి, ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య ఉన్న రేకు మీద కొట్టిన ఛాసిస్ సంఖ్యను శుభ్రం చేసి చదివాను. 105.44 అన్న మోడల్ అంకె, ఇంజిన్ బ్లాకు మీద 00548 అన్న రకం అంకె రెండూ సరిపోయాయి. అంటే స్పీకా అనే పెట్రోలు ఇంజెక్షన్ పరికరంతో అమెరికాకు పంపిన రకం కాదు. యూరప్‌లో అమ్మిన, పెట్రోలును గాలితో కలిపే జంట గొంతుల కార్బురేటర్లు రెండున్న కారు ఇది. అరేజేలో సంస్థకు సొంత పత్రాల కేంద్రం ఉంది. ఛాసిస్ సంఖ్య పంపితే ఆ కారు ఎప్పుడు తయారైందో, కర్మాగారం నుంచి ఏ రంగులో బయటికి వచ్చిందో రాసి ధ్రువపత్రం ఇస్తారు. దానికి దరఖాస్తు పంపాను. రంగు వేయాలా వద్దా అన్న చర్చకు ఆ పత్రమే ఆధారం కావాలి.

నవంబరు

ఈ కార్ల ఆయుష్షును తేల్చేది ఇంజిన్ కాదు, తుప్పు. తలుపుల కింద పొడవునా సాగే గుమ్మం భాగంలో లోపలి రేకు, మధ్య రేకు, బయటి రేకు అని మూడు పొరలుంటాయి. కారు బలమంతా అక్కడే ఉంటుంది. బయటి పొర బాగున్నట్టు కనిపిస్తూ మధ్య పొర పూర్తిగా పోయిన కార్లను నేను చూశాను. అందుకే రంధ్రాల్లోంచి సన్నటి కెమెరా తీగను దూర్చి, రెండు పక్కలా జాకీ పెట్టే చోటు నుంచి ముందు చక్రం దాకా చూశాను. కుడిపక్క పొడిగా, పాత మైనపు పూత ఇంకా అంటుకుని ఉంది. ఎడమపక్క నీరు బయటికి పోవాల్సిన రంధ్రం ఆకుల చెత్తతో మూసుకుపోయి, దాని వెనక అరచేయంత మేర తుప్పు పొరలుగా లేచింది. చిన్న సుత్తితో తడితే చప్పుడు మారింది కాని రేకు లోపలికి పోలేదు. డిక్కీలో స్టెప్నీ టైరు కూర్చునే గుంట అడుగున మాత్రం వేలు దూరేంత చిల్లులున్నాయి.

తర్వాత ఒంటి మీద రంగు మందం కొలిచే మీటరు పెట్టాను. పైకప్పు, తలుపులు, బానెట్ అన్నీ నూరు మైక్రాన్ల చుట్టుపక్కల చూపించాయి. ఒక్క వెనక ఎడమ మడ్‌గార్డు దగ్గర అంకె ఏడెనిమిది రెట్లు పెరిగింది. అక్కడ కింద లప్పం ఉంది. ఎప్పుడో తగిలిన దెబ్బను అప్పటి టింకరింగు మేస్త్రీ సరిచేసిన గుర్తు అది. ఆ ఒక్క చోటు మినహా ఈ కారుకు ఉన్నది అరేజేలో వేసిన రంగే. యాభై ఏళ్ళు దాటిన ఉక్కు రేకు మీద తొలి రంగు ఇంతగా మిగలడం అరుదు. అందుకే ఈ విషయంలో నా అభిప్రాయం ఆ రోజే స్థిరపడింది. బానెట్ అంచున సన్నటి పగుళ్ళున్నాయి, డ్రైవరు తలుపు మీద ఎండకు వెలిసిన మచ్చ ఉంది. అవి ఉన్నాయని దీన్ని ఇసుకతో గీకి కొత్త రంగు వేస్తే, మళ్ళీ ఎన్ని లక్షలు పోసినా తిరిగిరాని దాన్ని మన చేతులతో మనమే చెరిపేసినట్టవుతుంది.

యజమానికి కొలతల పటం చూపించాను. ఆయన మీటరును తానే పట్టుకుని కారు చుట్టూ తిరిగి, మడ్‌గార్డు దగ్గర అంకె పెరగడం చూసి నవ్వి, రంగు సంగతి ధ్రువపత్రం వచ్చాక మాట్లాడదామన్నారు. అది సగం ఒప్పుకోలు.

డిసెంబరు

పెట్రోలు ట్యాంకు దించాం. అడుగున గట్టిపడిన జిగురు, పైన వార్నిష్ వాసన. పెట్రోలు ఏళ్ళ తరబడి నిలవుంటే తేలికగా ఆవిరయ్యే భాగాలు పోయి, మిగిలినది గమ్ముగా మారుతుంది. ట్యాంకును కడిగి, లోపల పూత వేయకుండా వదిలాం. ఆ పూతలు తర్వాత ఊడి కార్బురేటర్లలో పెట్రోలును కొలిచి వదిలే జెట్లలో ఇరుక్కుంటాయన్నది నా గట్టి నమ్మకం. ఇంధనం పోయే రబ్బరు గొట్టాలన్నీ ఇథనాల్‌ను తట్టుకునే రకానికి మార్చాం. ఈ కారు తయారైన నాటి రబ్బరు ఇథనాల్ కలిసిన పెట్రోలులో మెత్తబడి పగులుతుంది, ఆ పగుళ్ళలోంచి పెట్రోలు వేడి ఇంజిన్ దగ్గర కారుతుంది. ఇండియాలో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు పోస్తున్నారు కనుక హైదరాబాదులోనో విజయవాడలోనో పాత కార్లు, బుల్లెట్లు ఉంచుకున్నవారు కూడా ముందుగా చూసుకోవలసింది ఈ గొట్టాలనే.

కార్బురేటర్లు వెబర్ 40 డీసీఓఈ రకం, రెండు. ఒక్కొక్కదానిలో రెండు గొంతులు, అంటే సిలిండరుకు ఒకటి. వాటిని విప్పి ట్రేలో పరిచినప్పుడు జెట్లు, పెట్రోలులో గాలి కలిపే ఎమల్షన్ గొట్టాలు, చిన్న ఇత్తడి మరలు ఏ గొంతువి ఆ గొంతుకే తిరిగి వెళ్ళేలా నాలుగు గదుల డబ్బాలో వేశాను. జెట్ల రంధ్రాలను తీగతో పొడవకూడదు. ఇత్తడి మెత్తనిది, సన్నటి గీత పడినా కొలత మారుతుంది. ద్రావకంలో నానబెట్టి గాలితో ఊదాను. కార్బురేటర్లను ఇంజిన్‌కు కలిపే, రబ్బరూ లోహమూ కలిసిన దిమ్మలు ఈ మోడల్‌కు పాత రోగం. పైకి బాగానే ఉంటాయి, చేత్తో వంచితే లోపల అంతా పగుళ్ళు. ఆ పగుళ్ళలోంచి గాలి దూరితే ఒక సిలిండరుకు మిశ్రమం పలచబడి, ఐడ్లింగు నిలవదు. అలాంటి కారును కార్బురేటర్ల తప్పనుకుని నెలల తరబడి ట్యూన్ చేసేవారున్నారు. దిమ్మలు కొత్తవి తెప్పించాను, పాతవి పేరు రాసి పెట్టెలో పెట్టాను. ఈ ప్రాజెక్టులో తీసిన ప్రతి భాగమూ కారుతోపాటే ఉండాలన్నది మేం ముందే పెట్టుకున్న నియమం.

ధ్రువపత్రం వచ్చింది. రంగు అదే ఆకుపచ్చ. యజమాని ఇక రంగు మాట ఎత్తలేదు.

జనవరి

ఈ నెలంతా ఇంజిన్ తోనే గడిచింది. స్పార్క్ ప్లగ్గులు తీసి, సిలిండర్లలో పల్చటి నూనె పోసి, కొన్నాళ్ళు ఆగి, పిస్టన్లను కదిపే ఇరుసైన క్రాంకును పానాతో నెమ్మదిగా తిప్పాం. తిరిగింది. కంప్రెషన్, అంటే పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి, కొలిస్తే మూడో సిలిండరు మిగిలిన వాటికంటే బాగా తక్కువ చూపించింది. పైగా రేడియేటరు మూత కింద కాఫీ మీగడ రంగులో జిడ్డు కనిపించింది. నూనె నీళ్ళలోకి వస్తోంది. ఇక సిలిండర్లకు పైమూతలా ఉండే హెడ్డు తీయక తప్పదు.

ఈ ఇంజిన్ బ్లాకు, హెడ్డు రెండూ అల్యూమినియం. సిలిండర్లు మాత్రం పోతపోసిన ఇనుప గొట్టాలు, చుట్టూ నీళ్ళు తిరిగేలా బ్లాకులో నిలబెట్టినవి. హెడ్డుకూ బ్లాకుకూ మధ్య కారకుండా ఆపే పల్చటి గాస్కెట్ ఉన్నా, పైకి నూనె వెళ్ళే దారులకు విడిగా ఆరు చిన్న రబ్బరు వలయాలుంటాయి. అవి ఎండిపోతే నూనె పక్కకు కారి నీళ్ళ దారిలో కలుస్తుంది. రోగం అదేనని అనుకున్నాను. కాని రోగి కడుపు కోసే ముందు దాటాల్సిన అడ్డంకి ఒకటుంది. బ్లాకులో నిలువుగా బిగించిన పది ఉక్కు మరకడ్డీల (స్టడ్ల) మీదుగా హెడ్డు కిందకు కూర్చుంటుంది. ఏళ్ళ తరబడి నిలబడిన కారులో ఉక్కుకూ అల్యూమినియానికీ మధ్య తేమ చేరి, తెల్లటి పొడి గట్టిపడి, హెడ్డును స్టడ్లకు అతుక్కునేలా చేస్తుంది.

నాతో పనిచేసే పెద్దాయన అరేజే కర్మాగారం మూతపడకముందు అక్కడ పనిచేసినవాడు. నేను నట్లన్నీ విప్పి, టైమింగ్ చెయిన్ లంకె తీసి, చెయిన్ రెండు కొసలూ తీగతో కట్టి, హెడ్డును ముందున్న కవర్‌కు కలిపే చిన్న బిగింపులు కూడా తీశాక, ఆయన వచ్చి చెయ్యి హెడ్డు మీద పెట్టి చూశాడు.

"పారలాంటిదేదీ ఆ సందులో దూర్చకు," అన్నాడు. "ఆ ముఖం మీద గీత పడితే ఎవరూ దాన్ని తిరిగి ఇవ్వలేరు. నూనె పొయ్యి. ఆగు. మళ్ళీ పొయ్యి."

అలాగే చేశాం. ప్రతి స్టడ్డు చుట్టూ చొచ్చుకుపోయే నూనె పోసి, రోజూ పొద్దున కర్ర దిమ్మను అడ్డం పెట్టి మెత్తని సుత్తితో మూలమూలనా తట్టాం. రెండు స్టడ్లకు పైన రెండేసి నట్లు ఒకదానిమీద ఒకటి బిగించి, నట్లతోపాటు స్టడ్డునే విప్పి తీశాం. అవి వచ్చాక మిగిలినవి మెత్తబడ్డాయి. హెడ్డు చివరికి ఒక వెంట్రుక మందం లేచింది, దాని వెంటే నల్లటి నూనె ఒక చుక్క బయటికి వచ్చింది. అటూ ఇటూ సమంగా ఎత్తుతూ పైకి తెచ్చాం. ఒక పక్క ఎక్కువ లేస్తే స్టడ్లలో ఇరుక్కుపోయేది.

హెడ్డు తీశాక క్రాంకును తిప్పకూడదు. పిస్టన్ కదిలితే ఇనుప గొట్టం కూడా దానితోపాటు లేచి, అడుగున ఉన్న సీలు చెడిపోతుంది, నీళ్ళు ఇంజిన్ నూనెలోకి దిగుతాయి. అందుకని ముందుగా గొట్టాలను పైనుంచి పట్టీలతో బిగించాం. ఆ తర్వాతే డయల్ గేజ్‌తో ప్రతి గొట్టం బ్లాకు ముఖం కంటే ఎంత పైకి ఉందో కొలిచాం. ఇక్కడ లెక్క మిల్లీమీటరులో నూరో వంతుల్లో ఉంటుంది. గొట్టం బ్లాకు కంటే కిందకు దిగితే గాస్కెట్ నిలవదు, మరీ పైకి ఉంటే హెడ్డు వంగుతుంది. నాలుగూ పరిమితిలోనే ఉన్నాయి.

రబ్బరు వలయాలు గోటితో నొక్కితే విరిగిపోయాయి. మూడో సిలిండరులో కంప్రెషన్ ఎందుకు తగ్గిందో కూడా కంటికి కనిపించింది. కారు ఆగిపోయిన రోజున ఆ సిలిండరు వాల్వు తెరిచి ఉండి, అన్నేళ్ళూ గాలి, తేమ లోపలికి వచ్చాయి. పిస్టన్ ఆగిన చోటికి కాస్త పైన, గొట్టం చుట్టూ సన్నటి తుప్పు గీత. వేలిగోరు దాని మీద నడిపితే తగిలీ తగలనట్టుంది.

కొత్త గొట్టాలు, పిస్టన్లు సెట్టుగా దొరుకుతాయి, ధర కూడా ఈ తరగతి కారుకు భరించలేనిది కాదు. అందువల్లే చాలామంది ఆలోచించకుండా మారుస్తారు. ఈ ఇంజిన్‌లో మిగిలిన మూడు గొట్టాల్లో కర్మాగారంలో పడ్డ అడ్డగీతలు ఇంకా కనబడుతున్నాయి. అరుగుదల లేని దాన్ని తీసేసి అలమారాలో పెట్టడం మరమ్మతు కాదని యజమానికి రాశాను. తుప్పు గీతను మాత్రం సన్నటి రాపిడి కాగితానికి నూనె పట్టించి చేత్తో తీశాం, పొడి కిందకు పోకుండా పిస్టన్ చుట్టూ గ్రీజు పూసి, గుడ్డ అద్ది తుడిచాం. వాల్వులు సీట్లలో రుద్ది కూర్చోబెట్టాం. ఎగ్జాస్టు వాల్వుల కాండాల్లో వేడిని త్వరగా బయటికి పంపడానికి సోడియం నింపి ఉంటుంది. పాత వాల్వును ముక్కలు చేయాలని ఎవరికైనా అనిపిస్తే ఆ ఊహ మానుకోవాలి, సోడియం నీటిని తాకితే మంటే.

ఫిబ్రవరి

టాపెట్ల పని ఓపిక కోరుతుంది. వాల్వులను తెరిచే క్యామ్‌కూ వాల్వుకూ మధ్య సందు ఎక్కువో తక్కువో అయితే ఈ ఇంజిన్‌లో మరతో సరిచేసే వీలు లేదు. కొలిచి రాసుకుని, క్యామ్‌షాఫ్ట్ తీసి, క్యామ్ నొక్కే గిన్నెలాంటి బకెట్ కింద ఉండే చిన్న టోపీ బిళ్ళను వేరే మందానిది వేసి, మళ్ళీ క్యామ్ బిగించి కొలవాలి. ఎనిమిది వాల్వులకూ అదే తంతు. క్యామ్ మీది గీత, ముందు బేరింగ్ మూత మీది గీత ఒక వరుసలోకి వచ్చేలా చెయిన్ కలిపాం.

బ్రేకుల విషయంలో మాకు భిన్నాభిప్రాయాలు రాలేదు. డిస్కులను పట్టి ఆపే కాలిపర్లలో పిస్టన్లు పట్టేశాయి, రబ్బరు గొట్టాలు లోపల ఉబ్బి మూసుకుపోయాయి, ద్రవం టీ డికాక్షన్ రంగులో ఉంది. ఆ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తేమే పిస్టన్లకు తుప్పు తెస్తుంది. ఇక్కడ పాతదనం కోసం ఏదీ దాచుకోలేదు. సీళ్ళు, గొట్టాలు, ఉక్కు పైపులు అన్నీ కొత్తవి. టైర్లు కూడా అంతే, వాటి మీది తయారీ వారం అంకె చూశాక చర్చ అవసరం రాలేదు. అదే కొలత, 165 వెడల్పు, 14 అంగుళాలు. వెడల్పాటివి వేస్తే స్టీరింగు బరువెక్కి కారు తన గుణం పోగొట్టుకుంటుంది.

స్టెప్నీ గుంటకు కొత్త రేకు ముక్క కోసి వెల్డింగు చేశారు. ఎడమ గుమ్మంలో తుప్పును గీకి, రసాయనంతో ఆపి, లోపల మైనం కొట్టాం. అక్కడ కోయవలసిన అవసరం ఇప్పటికైతే లేదు.

మార్చి

ప్లగ్గులు తీసేసి సెల్ఫ్‌తో తిప్పి, నూనె ప్రెషర్ ముల్లు లేచేదాకా ఆగాం. తర్వాత ప్లగ్గులు పెట్టి, కార్బురేటర్ గిన్నెలు నిండాక తాళం తిప్పాం. రెండు సిలిండర్ల మీద దగ్గి, తర్వాత నాలుగూ అందుకున్నాయి. పొగ నీలంగా వచ్చి కొద్దిసేపట్లో తగ్గింది, అది మేం పోసిన నూనే. వేడెక్కాక గాలి కొలిచే సాధనాన్ని ఒక్కో గొంతు మీద పెట్టి, రెండు కార్బురేటర్లనూ కలిపే లింకేజిని సరిచేస్తే ఐడ్లింగు నిలిచింది. రేడియేటరులో జిడ్డు మళ్ళీ రాలేదు. కంప్రెషన్ నాలుగింటిలోనూ దాదాపు సమంగా ఉంది.

క్లచ్ ప్లేటు మాత్రం ఫ్లైవీలుకు తుప్పుతో అంటుకుని ఉంది. పెడల్‌ను కర్రతో కిందకు నొక్కి ఉంచి కొన్నాళ్ళు వదిలితే ఒక పొద్దున దానంతట అదే విడింది. గేర్లు అన్నీ పడుతున్నాయి, రెండో గేరు మాత్రం చల్లగా ఉన్నప్పుడు కరకరమంటుంది. ఈ గేరుబాక్సులో గేరు శబ్దం లేకుండా పడేలా చేసే సింక్రో రెండో గేరుకే మొదట అరగడం ఈ కార్లు నడిపేవారందరికీ తెలిసిందే. నూనె వేడెక్కేదాకా ఒకటి నుంచి రెండుకు తొందరపడకుండా మధ్యలో ఒక్క క్షణం ఆగి మార్చాలి. ఈ చిన్న శబ్దానికి గేరుబాక్సు దించడం లేదని యజమానికి చెబితే ఆయన ఆశ్చర్యపోలేదు.

గేటు దాటి, ఊరి చుట్టూ ఉన్న రోడ్డు మీద ఆయనే నడిపారు, నేను పక్కన కూర్చుని గేజీలు చూశాను. మూడు వేల ఆర్‌పీఎం దాటాక కార్బురేటర్ల గాలి శబ్దం పూర్తిగా మారిపోతుంది. ఆయన అప్పటిదాకా చెబుతున్న మాట ఆపేశారు.

తిరిగి వచ్చాక చూస్తే రెండు పనులు మిగిలాయి. పెట్రోలు గేజ్ ఎప్పుడూ సగం ట్యాంకే చూపిస్తోంది, ట్యాంకులోని ఫ్లోట్ తీగ చూడాలి. వేగం అందుకున్నప్పుడు కింద సన్నటి ఊగిసలాట ఉంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ ముందు కొసన ఉన్న గుండ్రటి రబ్బరు కప్లింగు పగిలినట్టుంది. కొత్తది తెప్పించాను. అది బిగించేటప్పుడు చుట్టూ పట్టీతో నొక్కి ఉంచితేనే బోల్టులు సూటిగా కూర్చుంటాయి కనుక ఆ పట్టీ తీయకుండా పంపమని దుకాణానికి ప్రత్యేకంగా రాశాను. ఏప్రిల్లో కారును మళ్ళీ లిఫ్ట్ ఎక్కిస్తాం. దూరప్రయాణం మాట ఆ తర్వాతే.